గడ్డ ఉందన్నారు, పేరు చెప్పలేదు

మా కుక్క కర్రిగాడి చిగుళ్ళు సగానికి సగం నలుపు. ఒళ్ళంతా నలుపే కాబట్టి నోరూ అంతేలే అనుకున్నాం తప్ప, 12 ఏళ్ళలో ఒక్కసారి కూడా పెదవి ఎత్తి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు వాడి నోరు నాకు కంఠతా వచ్చు. కుడివైపు కోరపన్ను పైన బొటనవేలి గోరంత గులాబీ మచ్చ ఒకటుంది. దాన్ని వేలితో నొక్కి వదిలితే ముందు తెల్లబడుతుంది, రెండు సెకన్ల లోపు రంగు తిరిగొస్తుంది. రావాలి. రాకపోతే ఒంట్లో రక్తం సరిగ్గా తిరగట్లేదని గుర్తు. చిగుళ్ళు మొత్తం నల్లగా ఉన్న కుక్కలకైతే కింది కనురెప్ప లాగి లోపలి రంగు చూడమంటారు. వీడు కన్ను ముట్టుకోనివ్వడు. కాబట్టి మాకు దిక్కు ఆ మచ్చే.

ఈ విద్య నాకు ముందే వచ్చి ఉంటే ఒక వారం కలిసొచ్చేది.

ఆ ఆదివారం పొద్దున వాడు ఎప్పటిలాగే బయటికి వెళ్ళాడు. కాలు ఎత్తబోయాడు, ఎత్తలేకపోయాడు. వెనక కాళ్ళు రెండూ మడతపడి అలాగే పక్కకి ఒరిగిపోయాడు. మూర్ఛ కాదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, నా వైపే చూస్తున్నాడు, తోక చివర మాత్రం నేల మీద రెండుసార్లు ఆడింది. నాలుక పాలిపోయినట్టు అనిపించింది గానీ నా కంగారేమో అనుకున్నాను. నేనూ నాన్నా దుప్పట్లో వేసి లోపలికి మోసుకొచ్చాం. మధ్యాహ్నానికి తల ఎత్తాడు. సాయంత్రానికి లేచి గిన్నె దగ్గరికి నడిచాడు, ఖాళీ చేశాడు, ఇంకేదీ అన్నట్టు చూశాడు.

"వయసు మీద పడిందిలే, మనకి మాత్రం కాళ్ళు పట్టుతప్పవూ" అంది అమ్మ. అందరం నమ్మేశాం. నమ్మాలనే ఉంది మరి.

మర్నాడు దగ్గర్లో ఉన్న డాక్టరుకి చూపిస్తే కీళ్ళ అరుగుదల అని బలానికి సిరప్ రాసిచ్చారు. ఆయన మీద నాకు చాలా రోజులు కోపం ఉండేది. తర్వాత ఆలోచిస్తే, మేం ఆయనకి చెప్పింది "కాళ్ళు పట్టు తప్పాయండీ" అన్న ఒక్క ముక్క. నాలుక పాలిపోయిందనీ, పొద్దున పడి సాయంత్రానికి ఏమీ జరగనట్టు లేచాడనీ చెప్పనే లేదు. అదే అసలు గుర్తు అని మాకేం తెలుసు?

లోపల జరిగింది ఇదీ. ప్లీహం, అంటే కడుపులో రక్తాన్ని వడకట్టే అవయవం, దాని మీద పెరిగిన గడ్డ ఎక్కడో చిన్నగా చిట్లుతుంది, కడుపులోకి రక్తం కారుతుంది, బీపీ పడిపోయి కుక్క కూలబడుతుంది. కాసేపటికి చిట్లిన చోట రక్తం పేరుకుని కారడం ఆగిపోతుంది. కడుపులోకి పోయిన రక్తకణాల్లో చాలా భాగాన్ని ఒళ్ళే మళ్ళీ పీల్చేసుకుంటుంది. అందుకే ఒకటి రెండు రోజుల్లో కుక్క మామూలైపోతుంది, ఇంట్లోవాళ్ళు వయసు అనుకుంటారు. ముసలి కుక్క ఉన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఈ పేరా ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతాదంతా నా సోది.

ఆరు రోజులకి, శనివారం, మళ్ళీ పడ్డాడు. ఈసారి స్కాన్ సదుపాయం ఉన్న పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ ముందుగా పెదవి ఎత్తి ఆ మచ్చ వెతికి పట్టుకుని నొక్కారు. తర్వాత రెండు చేతులూ కడుపు కింద పెట్టి, కళ్ళు వేరే ఎటో పెట్టి, పిండి కలుపుతున్నంత నెమ్మదిగా తడిమారు. చేతులు ఒకచోట ఆగాయి. ఆవిడ ఏమీ అనలేదు. కానీ ఆ ఆగడం నాకు అర్థమైపోయింది.

కడుపు మీద బొచ్చు గొరిగి అల్ట్రాసౌండ్ చేశారు. ప్లీహం చివర 7 సెంటీమీటర్ల గడ్డ. దాని చుట్టూ కొంచెం ద్రవం. సూదితో తీస్తే వచ్చింది రక్తమే. దాన్ని గాజు గొట్టంలో కాసేపు ఉంచి చూశారు, గడ్డకట్టలేదు. సూది పొరపాటున నరంలో దిగి వచ్చిన రక్తమైతే గడ్డకడుతుందట, కడుపులో కారి నిలవున్నదైతే కట్టదట. ఎర్రకణాల శాతం, పీసీవీ అంటారు, 28 వచ్చింది. కుక్కలకి 37 నుంచి 55 దాకా ఉండాలి.

"క్యాన్సరా మేడమ్?" అని అడిగింది నాన్న. నాకు నోరు పెగల్లేదు.

"స్కాన్ చూసి చెప్పలేమండీ. రక్తం గూడుకట్టిన మామూలు గడ్డ కూడా తెర మీద అచ్చం ఇలాగే ఉంటుంది."

"సూదితో ఆ గడ్డలోంచే కాస్త తీసి చూడచ్చు కదా?"

"లోపల ఉండేది చాలావరకు రక్తమే. పరీక్షకి పనికొచ్చే కణాలు దొరక్కపోవచ్చు. పైగా పొడిచిన చోటినుంచే మళ్ళీ కారచ్చు. ప్లీహం మొత్తం తీసి ల్యాబ్‌కి పంపితేనే తెలుస్తుంది."

అంటే క్యాన్సర్ అవునో కాదో తెలుసుకుని ఆపరేషన్ చేయించాలా వద్దా అని నిర్ణయించుకునే వీలు లేదు. ఆపరేషన్ చేయిస్తేనే తెలుస్తుంది. మా రెండు వారాల బాధంతా ఈ మెలిక చుట్టూనే తిరిగింది.

ఆవిడ ఒక లెక్క చెప్పారు. పశువైద్యంలో చాలాకాలంగా చెప్పుకునే మోటు లెక్క, పరిశోధనల్లో అంకెలు అటూ ఇటూ అవుతుంటాయని ముందే అన్నారు. కుక్కల ప్లీహంలో వచ్చే గడ్డల్లో మూడింట రెండు వంతులు క్యాన్సర్. ఆ క్యాన్సర్లలో మళ్ళీ మూడింట రెండు వంతులు హెమాంజియోసార్కోమా, అంటే రక్తనాళాల లోపలి పొరలో పుట్టేది. అది చెడ్డది. ఆపరేషన్ ఒక్కటే చేస్తే సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు. డాక్సోరుబిసిన్ అనే కీమో కూడా ఇస్తే నాలుగు నుంచి ఆరు నెలలు. ఏడాది దాటేవి నూటికి పది కూడా ఉండవు. పైగా మా వాడిలా లోపల రక్తం కారిన కుక్కల్లో క్యాన్సర్ పాలు ఇంకాస్త ఎక్కువే.

మా నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. ఇంటికి రాగానే కాగితం తీసుకున్నాడు. వంద కుక్కల్లో 67 క్యాన్సర్, అందులో 45 చెడ్డది, 22 వేరే రకాలు, మిగిలిన 33 ఏమీ కానివి. 33 చుట్టూ ఒక గుండ్రం చుట్టాడు. అంతకుమించి ఏమీ మాట్లాడలేదు. ఆ కాగితం ఇంకా ఫ్రిజ్ తలుపు మీదే ఉంది.

ఆ రాత్రి నేను చేసిన పని ఎవరూ చేయద్దు. రెండింటి దాకా ఫోన్ వెలుగులో చదివాను. పసుపు గుళికలు, పుట్టగొడుగుల పొడి, చైనా మూలికలు, ఏదో ఒక కుక్క మూడేళ్ళు బతికిందన్న కథ, ఇంకొకటి ఆపరేషన్ బల్ల మీదే పోయిందన్న కథ. చదివినకొద్దీ నాకు కావాల్సిన కుక్క కోసం వెతుకుతున్నానని అర్థమైంది. 12 ఏళ్ళు, నలుపు, లాబ్రడార్ పోలికలు, 29 కిలోలు, ప్లీహం చివర 7 సెంటీమీటర్లు, ఆఖరికి ఏమీ కాలేదు. అలాంటి కుక్క దొరికితే పడుకుందామనుకున్నాను. దొరకలేదు. పొద్దున ఆ గుళికల సంగతి ఫోన్‌లో అడిగితే డాక్టరమ్మ గట్టిగానే చెప్పారు. ఏమిచ్చినా ముందు తనకి చెప్పి ఇవ్వాలి, రక్తం కారడాన్ని పెంచేవి కొన్ని ఉంటాయి, ఆస్పిరిన్ జోలికి అసలు పోవద్దు, మనుషుల నొప్పి బిళ్ళలు ఇంట్లో ఎవరూ దయతలిచి పెట్టద్దు. ఐబుప్రోఫెన్ కుక్కల కడుపునీ కిడ్నీలనీ దెబ్బతీస్తుందట.

ఇంట్లో అభిప్రాయాలు చీలిపోయాయి. ఈ వయసులో దాన్ని కోయించడం దేనికే, ఉన్నన్నాళ్ళు ప్రశాంతంగా ఉండనీ అంది అమ్మ. అన్నయ్య ఫోన్‌లో, చెడ్డదే అని తేలితే నెల రోజుల కోసం ఇంత ఖర్చూ ఇంత బాధా దేనికిరా అన్నాడు. అన్నయ్యని రాయిగుండె అనుకోవద్దు. కర్రిగాణ్ణి సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది వాడే. డబ్బు లెక్క మేమూ వేశాం. వేయలేదంటే అబద్ధం. కీమో దాకా వెళ్తే ఎంత, ఆపరేషన్‌తో ఆపేస్తే ఎంత, రక్తం ఎక్కించాల్సి వస్తే ఎంత అని ఒక్కొక్కటీ అడిగాం. అడుగుతున్నప్పుడు సిగ్గుగా అనిపించింది. డాక్టరమ్మ మాత్రం రోజూ అడిగే ప్రశ్నేలెండి అన్నట్టు విడివిడిగా రాసిచ్చారు.

మీ కుక్కే అయితే ఏం చేసేవాళ్ళు మేడమ్ అని కూడా అడిగేశాను. అందరూ అడుగుతారట.

"నా కుక్కయితే నేనూ మీలాగే నిద్రలేకుండా ఉండేదాన్ని" అన్నారు. కాసేపాగి, "ఒక్కటి చెప్తాను. ఈ ఆపరేషన్ క్యాన్సర్ కోసం అనుకోకండి. ఆ గడ్డ మంచిదైనా చెడ్డదైనా మళ్ళీ చిట్లుతుంది. అది చిట్లి అర్ధరాత్రి చనిపోకుండా చేయడానికి ఆపరేషన్. క్యాన్సర్ సంగతి దాని తర్వాత ఆలోచించే విషయం."

నాకు ఆ మాటతో చిక్కు సగం విడిపోయింది. అప్పటిదాకా ఒకే ముడి అనుకున్నది రెండు ముడులని తెలిసింది. రక్తం కారడం ఆపాలా వద్దా అన్నది ఇప్పుడు తేల్చుకోవాల్సింది, దానికి జవాబు మా దగ్గరే ఉంది. అది క్యాన్సరా కాదా అన్నది మా చేతిలో లేదు. అమ్మ కూడా ఈ మాట విన్నాకే, "అయితే సరే, కానీ దాన్ని అనవసరంగా సాగదీయద్దు" అంది.

ఆపరేషన్‌కి ముందు ఒంట్లో ఇంకెక్కడైనా పాకిందేమో చూడాలి. ఛాతీకి మూడు వైపుల నుంచి ఎక్స్‌రేలు తీశారు, ఊపిరితిత్తుల్లో ఏమీ కనపడలేదు. మరీ చిన్నవైతే ఎక్స్‌రేలో కనపడవు అని ఆ సంతోషం మీద వెంటనే ఒక చుక్క నీళ్ళు చల్లారనుకోండి. గుండె కుడివైపు గదిలో కూడా ఈ జాతి గడ్డలు వస్తుంటాయని సోమవారం ఎకో, అంటే గుండెకి చేసే స్కాన్, చేశారు, అక్కడా లేదు. కాలేయంలో మాత్రం రెండు చోట్ల చిన్న మచ్చలు ఉన్నాయన్నారు. ముసలి కుక్కల కాలేయంలో ఏమీ కాని బుడిపెలు మామూలే, ఇవి అవీ కావచ్చు, పాకినవీ కావచ్చు. మళ్ళీ కావచ్చు.

ఎకో గది బయట ఒకాయన ముసలి బాక్సర్‌తో కూర్చుని ఉన్నారు. మాట కలిసింది. దానిదీ ప్లీహమే. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా చుక్కలు కనపడ్డాయట, ఆపరేషన్ వద్దనుకున్నారు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. ఫోన్ కవర్‌లోంచి మడత పెట్టిన చీటీ తీసి చూపించారు. ఏవి కనపడితే ఇక ఆలోచించకుండా తీసుకురావాలో డాక్టరు చేత రాయించుకున్నారట. మూడే లైన్లు. నీళ్ళు కూడా ముట్టకపోవడం. పైకి లేవలేకపోవడం. కూర్చున్నా ఊపిరి అందకపోవడం. "ఆ రోజు నా బుర్ర పనిచెయ్యదు కదండీ, అందుకే ఇప్పుడే రాయించుకున్నా" అన్నారు. బాక్సర్ ఆయన బూటు మీద గడ్డం ఆనించి నిద్రపోతోంది. వాళ్ళ పేర్లు అడగలేదు. తర్వాత ఏమైందో తెలీదు.

పాపకి ఏం చెప్పాలన్నది ఇంకో గొడవ. దానికి తొమ్మిదేళ్ళు. అమ్మ చెప్పద్దంది. కానీ ఇంట్లో అందరి మొహాలూ అలా ఉంటే పిల్లలకి తెలియకుండా ఉంటుందా? కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. కర్రిగాడి కడుపులో గడ్డ ఉంది, అది క్యాన్సర్ అయి ఉండచ్చు, కాకపోవచ్చు, తెలియడానికి ఇంకా రోజులు పడుతుంది. అది చాలాసేపు ఆలోచించింది. ఏడుస్తుందేమోనని నేను సిద్ధపడుతున్నాను.

"తెలిసేదాకా వాణ్ణి సోఫా ఎక్కనిస్తావా?" అంది.

సోఫా వాడికి చిన్నప్పట్నుంచీ నిషేధం. సరే అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, గడ్డ చిట్లుతుందని వాణ్ణి గెంతనివ్వద్దన్నారు. చివరికి సోఫా దిండ్లన్నీ తీసి నేల మీద పరిచాం. మేం చెక్క మీద కూర్చున్నాం.

మంగళవారం ఆపరేషన్. సంతకం పెట్టే కాగితంలో అన్నీ మామూలు వాక్యాలే. మత్తు వల్ల రావచ్చినవి, రక్తం ఎక్కించడం, గుండె లయ తప్పడం. రక్తం ఇవ్వడానికి స్నేహితుల కుక్క ఒకటి సిద్ధంగా ఉంది. వయసులో ఉన్నది, 30 కిలోలు దాటినది, టీకాలన్నీ వేయించినది, ముందే రెండింటి రక్తం కలిపి చూసి సరిపోయిందన్నారు. ఆ సంగతులన్నీ చకచకా అయిపోయాయి. తర్వాత డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి అడిగారు.

"కడుపు తెరిచాక లోపల బాగా పాకి ఉన్నట్టు కనపడితే, మత్తులోంచి లేపమంటారా, వద్దంటారా?"

ఈ ప్రశ్న వస్తుందని నాకెవరూ చెప్పలేదు. నేను చదివిన వాటిల్లో ఎక్కడో ఉండే ఉంటుంది, కానీ అది వేరే వాళ్ళ కుక్కకి వేసిన ప్రశ్న. కర్రిగాడు అప్పటికి నా కాళ్ళ దగ్గరే ఉన్నాడు, ముందు కాలికి సెలైన్ సూది పెట్టి కట్టిన నీలం పట్టీని నాకుతున్నాడు. వాడి ముందే ఆ మాటకి జవాబు చెప్పాలంటే తప్పు చేస్తున్నట్టుంది. గది గోడకి కుక్క పళ్ళ బొమ్మ ఒకటి ఉంది. నేను అదే చూస్తూ నిలబడ్డాను.

నాన్న అడిగాడు, "కంటితో చూసి పాకిందని కచ్చితంగా చెప్పగలరా?"

"లేదండీ. ముసలి కుక్కల కాలేయం మీది బుడిపెలు మమ్మల్నీ మోసం చేస్తాయి."

"అయితే లేపండి. రక్తం ఆపలేని పరిస్థితి వస్తేనే వద్దు. అలాంటిదైతే ముందు ఫోన్ చెయ్యండి, నేను ఇక్కడే వరండాలో ఉంటాను."

అదే కాగితం కింద చేత్తో రాశారు. సంతకం నేను పెట్టాను, నా పేరులో ఒక అక్షరం తప్పుపోయింది. కర్రిగాణ్ణి లోపలికి తీసుకెళ్తుంటే వాడు ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూస్తాడనుకున్నాను. చూడలేదు. లోపల ఏదో వాసన తగిలినట్టుంది, ఆయమ్మ కంటే ముందు తనే లాక్కుంటూ వెళ్ళాడు.

రెండు గంటల పది నిమిషాలు పట్టింది. ప్లీహం మొత్తం తీసేశారు. ప్లీహం లేకుండా కుక్కలు మామూలుగానే బతుకుతాయి. కాలేయం మీది రెండు బుడిపెల్లోంచి చిన్న ముక్క తీశారు. మిగతా చోట్ల కంటికేమీ ఆనలేదు. ఒక సంచి రక్తం ఎక్కించారు. చూస్తారా అని ట్రేలో తెచ్చి చూపించారు. నేను చూడనన్నాను, నాన్న చూశాడు. ముదురు వంకాయ రంగులో, పిడికిలికి రెండింతలు ఉందట. ఇంటికొచ్చాక ఎవరూ అడక్కుండానే అమ్మకి చెప్పాడు.

మొదటి మూడు రాత్రులు గుండె లయ తప్పుతోందని ఆసుపత్రిలోనే ఉంచారు. ప్లీహం తీసిన కుక్కల్లో ఇది తరచుగా జరుగుతుందనీ, ఎక్కువగా దానంతటదే సర్దుకుంటుందనీ ముందే చెప్పడం వల్ల కాస్త ధైర్యంగా ఉన్నాం. శుక్రవారం ఇంటికొచ్చాడు. పొట్ట కింద జానెడున్నర కుట్లు. కుట్లు నాకకుండా మెడకి కోన్, అంటే గరాటాలాంటి తొడుగు, పెడితే తలుపులన్నిటికీ గుద్దుకుంటున్నాడని పాప తన పాత టీషర్టు తొడిగింది, ముందు కాళ్ళు చేతుల్లోంచి దూర్చి, వెనక తోక మీద ముడేసి.

ఇక రిపోర్టు కోసం ఎదురుచూపు. ముక్కలు రసాయనంలో నానాలి, మైనంలో పెట్టి పల్చగా కోయాలి, రంగు వేయాలి, ఒకరు కూర్చుని చూడాలి. తొందరపడితే కుదరదని తెలుసు. తెలిసినా ఫోన్ మోగినప్పుడల్లా కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుండేది. ఆ రోజుల్లో నాకు ఫోన్ చేసిన వాళ్ళందరితోనూ నేను చిరాగ్గా మాట్లాడాను, అందరూ క్షమించాలి.

అందరికంటే నాన్నే నయం. డాక్టరమ్మ ఒక షీట్ ఇచ్చారు. పశువులకి క్యాన్సర్ వైద్యం చేసే అలిస్ విల్లలోబోస్ అనే అమెరికా డాక్టరు 2004లో తయారుచేసిన పద్ధతి. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది, మొత్తం ఏడు. ఒక్కోదానికి పది మార్కులు, మొత్తం 35 దాటితే బతుకు బాగానే ఉన్నట్టు. నాన్న రోజూ రాత్రి కళ్ళజోడు పెట్టుకుని కర్రిగాడి ఎదురుగా కూర్చుని పేపరు దిద్దినట్టు దిద్దేవాడు. ఇంటికొచ్చిన రాత్రి 31 వచ్చింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆపరేషనైన మూణ్ణాలుగు రోజులు లెక్కలోకి తీసుకోవద్దని డాక్టరమ్మ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. తర్వాత 38, 44, ఒకరోజు 41, తర్వాత 52. శుభ్రత దగ్గర మాత్రం ఎప్పుడూ ఆరే. "చిన్నప్పుడూ ఆరే కదా వీడికి" అనేవాడు.

నేను మార్కులు వేయలేకపోయాను. నాకు ఆ మచ్చే చాలు. పొద్దున లేవగానే ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, నిజం చెప్పాలంటే మధ్యలో ఇంకో పదిసార్లు. ఒకరోజు వాడే విసుగొచ్చి నా చేతిని మెల్లగా నోట్లో పట్టుకుని పక్కన పెట్టాడు.

ఇదే రోజుల్లో ఇంకో పని కూడా చేశాం, చెప్పుకోవడానికి కాస్త ఇబ్బందిగా ఉంది. చెడ్డదని తేలితే ఏం చేస్తామో ముందే మాట్లాడుకుని పెట్టుకున్నాం. కీమో గురించి డాక్టరమ్మ భయం పోగొట్టారు. మనుషులకిచ్చినంత గట్టిగా ఇవ్వరు, రోగాన్ని తుడిచేయడం కంటే ఉన్న రోజులు బాగుండాలన్నదే ఉద్దేశం, చాలా కుక్కలకి జుట్టు కూడా రాలదు. రెండు మూడు వారాలకోసారి, నాలుగైదు సార్లు. అయినా మా వాడికి ఆసుపత్రి అంటే వణుకు. వద్దు, ఇంట్లోనే ఉంచుకుందాం, నొప్పి మందులతో, అని అనుకున్నాం. నేనూ బాక్సర్ ఆయనలా మూడు లైన్లు రాయించుకుని ఫోన్ కవర్‌లో పెట్టుకున్నాను. విచిత్రంగా ఆ రాత్రి నిద్ర పట్టింది.

పదకొండో రోజు, శనివారం, రిపోర్టు వచ్చింది. స్కాన్ తీసిన శనివారం నుంచి సరిగ్గా రెండు వారాలు. డాక్టరమ్మే ఫోన్ చేశారు, నమస్కారాలూ గట్రా ఏమీ లేకుండా మొదటి మాటే "క్యాన్సర్ కణాలు కనపడలేదు" అన్నారు. ప్లీహంలో ఉన్నది హెమటోమా, అంటే రక్తం గూడుకట్టిన గడ్డ, వయసుతో వచ్చే కణాల పెరుగుదల చుట్టూ ఏర్పడింది. కాలేయం మీదివీ అలాంటి ముసలితనపు బుడిపెలే.

33లో పడ్డాం.

సంతోషంతో గెంతుతాననుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. నాన్నకి ఫోన్ అందించి వెళ్ళి గిన్నెలు కడుక్కున్నాను, కడిగినవే మళ్ళీ కడిగాను. సాయంత్రం ఆరింటికి పడుకుంటే మర్నాడు పొద్దున్నే మెలకువ వచ్చింది. అమ్మ మాత్రం వీధి వీధంతా చెప్పొచ్చింది. "నేను ముందే అన్నాను ఏమీ కాదని" అందట. ఎప్పుడందో మాకెవరికీ గుర్తులేదు.

రిపోర్టులో ఒక వాక్యం ఉంది. "పరీక్షించిన ముక్కల్లో" అని. అంత పెద్ద గడ్డలో ల్యాబ్ వాళ్ళు చూసేది కొన్ని ముక్కలే, అందులోనూ ఎక్కువ భాగం పేరుకున్న రక్తమే ఉంటుంది. ఏదో మూల ఇంకేదైనా దాగి ఉండి వాళ్ళ కత్తికి తగలకపోయే అవకాశం కొద్దిగా ఉంటుంది. అందుకే ఇంకొన్ని ముక్కలు కోసి చూడమని అడిగాం, వాటిల్లోనూ ఏమీ లేదన్నారు. రెండు మూడు నెలలకోసారి స్కాన్ చేయించుకోమన్నారు. మొదటిది అయింది, శుభ్రంగా ఉంది. రెండోది వచ్చే నెల.

కర్రిగాడికి 13 వచ్చాయి. మూతి పూర్తిగా తెల్లబడింది. పొట్ట మీద బొచ్చు తిరిగొచ్చింది గానీ కుట్లు పడ్డ చోట మాత్రం ఒక గీతలా బూడిదరంగులో వచ్చింది. సోఫా విషయంలో పాప ఒప్పుకోవట్లేదు. తెలిసేదాకా అన్నావు కదా, ఇంకా స్కాన్లు ఉన్నాయిగా అంటోంది. కాబట్టి దిండ్లు నేల మీదే ఉన్నాయి, మేం ఇంకా చెక్క మీదే కూర్చుంటున్నాం.

పొద్దున కాఫీ కలుపుకోకముందే నేను వెళ్ళి వాడి పక్కన కూర్చుంటాను. ఈ మధ్య నా చెయ్యి దగ్గరికి రాగానే వాడే తల కుడిపక్కకి తిప్పి, కళ్ళు మూసుకుని, అలా ఉంటాడు. పెదవి ఎత్తి మచ్చ మీద వేలు పెట్టి నొక్కుతాను. వదులుతాను. తెల్లగా నా వేలి ముద్ర. ఒకటి అని లెక్కపెట్టేలోపే అంచుల నుంచి ఎరుపు లోపలికి పాకుతుంది.